బెల్లం మండీ మునివెంకటప్ప పటం

డెబ్భై ఎనిమిదిలో తిరుపతిలో పటాల అంగడి తెరిచినప్పుడు నా చేతిలో ఉన్నవి మూడే. గాజు కోసే వజ్రం, టేకు చట్రాల కట్ట, పెళ్లాం తిరుమలమ్మ వెంట వచ్చిన ఆమె తమ్ముడు వెంకటముని. మొదటి రెండూ పనికొచ్చేవి.

వెంకటముని పాళీ కలంతో బొమ్మలు గీస్తాడు. ఎర్ర సిరా, పచ్చ సిరా, నీలం సిరా బుడ్లు ముందేసుకుని, వెంట్రుక మందాన గీత పక్కన గీత. శివకాశి అచ్చు పటాలు కట్టలుగా దిగే ఊళ్లో ఇతగాడు తలపాగా మడతకు ఒక పూట ఖర్చుపెట్టేవాడు. వచ్చినవాళ్లు "చేత్తో గీసిందా? ఒకటే ఉండాదే, మిగిలిపోయిందా?" అని అడిగి, అచ్చు పటం కొనుక్కుపోయేవాళ్లు.

వెంకటముని వాళ్ల నాయన అతనికి సున్నపు బట్టీలో పని చూసిపెట్టాడు.

"ఒక్క బొమ్మ అమ్ముడుపోనీ బావా. పోకుంటే బట్టీకే పోతా" అన్నాడు వెంకటముని. నేను బట్టీ వైపు పోయే బస్సు టైము కనుక్కుని పెట్టుకున్నాను.

అప్పుడు దొరికాడు పూతలపట్టు బెల్లం మండీ మునివెంకటప్ప. తన బొమ్మ తాను చూసుకోవాలని ఆయనకు ముచ్చట. ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడు మావాడు. ముడత ముడతకూ సన్న గీతలు, వేలికి తగిలేటట్టున్న శాలువా నేత, మండీలోని బెల్లం రంగే ఒంటికీ. నేను చట్రం కట్టి, ఆయన వచ్చేదాకా అంగడి ముందు తగిలించాను.

తిరుమలమ్మ పొద్దున్నే అంగడిలోని పటాలన్నిటికీ బొట్టు పెట్టి పూలు వేస్తుంది. దేవుడా, మనిషా అని విచారించే అలవాటు లేదు. చట్రంలో ఉంటే బొట్టే.

ఆ పొద్దు మునివెంకటప్ప చెల్లెలు వరదమ్మ సత్యవేడు నుంచి కొండకు పోతూ మా అంగడి ముందు ఆగింది. ఉమ్మడి బావి తగాదాలో అన్నతో మాటలు మానేసిన మనిషి. బొట్టూ పూలూ చూసి మెట్ల మీద కూలబడింది.

"అయ్యో అన్నా! నాకొక మాట చెప్పకుండా పోతివే! ఆ బాయి నువ్వే తీసుకోరాదా, నాకెందుకన్నా!"

జనం మూగారు. నేను నోరు తెరిచేలోపే, పటం కోసం వచ్చిన మునివెంకటప్ప గుంపులోంచి తల దూర్చాడు.

"బాయి నాదేనంటా ఉండాది. అందరూ ఇన్నారు గదప్పా?"

వరదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బతికే ఉండావా? అయితే బాయి నాదే."

అప్పుడు ఆయన కళ్లు పూల మీద పడ్డాయి. "బతికుండేవోడికి దండేస్తావా? ఈ పటం నా గడప తొక్కదు!" అని నా మీద లేచాడు. అన్నాచెల్లెళ్లిద్దరూ ఎన్నేళ్లకో మాటలు కలిపి, అంటే తిట్లు కలిపి, బస్టాండు వైపు పోయారు.

వెంకటముని సిరా బుడ్లకు మూతలు బిగించాడు. "బస్సు ఎన్నింటికి బావా?"

గుంపులో ఒకాయన మాత్రం కదల్లేదు. "తోడబుట్టిందే నమ్మింది గదబ్బా. మా నాయన్ను ఇట్లే గీస్తాడా?" అని జేబులోంచి చిన్న ఫోటో తీశాడు. ఆయన వెనకాల ఒకామె, వాళ్లత్త బొమ్మ కావాలని.

"అత్త ఉండాదా?" అన్నాను.

"పోయిందన్నా."

"అయితే గీస్తాడు."

ఇదీ లెక్క. పోయిన నాయనలు, అత్తలు, మేనమామలు వరసగా వచ్చారు. వాళ్లు గీసేటప్పుడు కదలరు, గీసినాక తిట్టరు. మునివెంకటప్ప పటం అంగడి ముందే ఉంది. ఆయన కొండకొచ్చినప్పుడల్లా బొట్టు లేదని చూసుకుని పోతాడు. కొనడు, తియ్యనివ్వడు. బావి ఇంకా తేలలేదు. వెంకటముని నాకే మిగిలాడు, లాభం కింద. దండగైందల్లా నేను కనుక్కున్న ఆ బస్సు టైమే.