మెరుగు పెట్టిన బొగ్గు వ్యాగన్

మిషన్ నగలు వచ్చాక ప్రొద్దుటూరులో నగలు చేసే షాకీర్ దగ్గరికి వచ్చేవి తెగిన గొలుసులు, ఊడిన కొక్కేలు. మొదటి నుంచి చివరి దాకా తన చేతుల్లోనే పుట్టిన వస్తువు రెండేండ్లుగా ఒక్కటీ లేదు. అందుకే జమ్మలమడుగు పాలయ్య వచ్చి బొగ్గు వ్యాగన్ నమూనా చేసిపెట్టమంటే మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

పాలయ్య గూడ్సు గార్డుగా రిటైరైన మనిషి. కోడలు సుజాత సైన్సు చెప్పే పులివెందుల బడిలో పెద్ద బల్ల మీద చిన్న రైలుదారి కడుతున్నాడు. ఆ ఊరికి రైలు లేదు. గూడ్సు బండిని దగ్గరగా చూసిన పిల్లలు తక్కువ.

"నిజం బండిలో ఎనభై ఏడో వంతుండల్ల. యాడన్నా తప్పుంటే పట్టాలెక్కించనప్పా, నీ మొగం జూసి గూడా" అని ముందే చెప్పాడు.

షాకీర్ నలభై రోజులు కూర్చున్నాడు. రాగిరేకు కోసి గోడలు నిలబెట్టాడు. ఆవగింజలో సగం లేని గుండ్లు అతికి రివెట్లు చేశాడు. తలుపులు నిజంగానే తెరుచుకునేలా బందులు బిగించాడు. చివరి మూడు రోజులు మెరుగు పెట్టి, దూదిలో చుట్టి, చిన్న పెట్టెలో పెట్టి జమ్మలమడుగు తీసుకుపోయాడు.

పాలయ్య కళ్లద్దాలు పెట్టుకుని కొలిచాడు. రివెట్లు లెక్కపెట్టాడు. చక్రాలు తిప్పాడు.

"కొలత తప్పలేదు. శానా బాగ చేసినావు. అయితే ఇది పట్టాలెక్కదు."

"ఏం తక్కువైంది మామా?"

"మెరుస్తాంది గదప్పా! ఇది బొగ్గు మోసే బండా, పెండ్లికూతురు నగలు దాచుకునే డబ్బీనా? ముద్దనూరు పోయి చూసిరా పో. బడిలో బండి నడిపేది శనివారం, అందాక టైముంది."

మెరుగు పెట్టని వస్తువును షాకీర్ గానీ, అతని తండ్రి గానీ ఎన్నడూ గడప దాటించలేదు. ముఖం ముడుచుకునే ముద్దనూరు బస్సెక్కాడు. చేతిలో పెట్టె చూసి ఎవరో ముసలావిడ అడక్కుండానే జరిగి చోటిచ్చింది. కోపం సగం అక్కడే పోయింది.

థర్మల్ కేంద్రానికి పోయే బొగ్గు బండి స్టేషనులో ఆగి ఉంది. షాకీర్ ఎండలో నిలబడి ఒక్కొక్క వ్యాగన్‌నే చూశాడు. ఒకదాని గోడ బయటికి ఉబ్బింది. ఇంకోదానికి అతుకు వేశారు. తలుపుల కింద తుప్పు చారలు కారాయి. ఏ రెండూ ఒకలా లేవు. అన్నేండ్లు మోసిన మోత అట్లా కనబడుతోంది. అతను తన కుడి బొటనవేలు చూసుకున్నాడు. సుత్తి దెబ్బలకు గోరు అణిగి, కొస నల్లబడి ఉంది.

ఇంటికొచ్చి, వెండి పట్టీల చెక్కడాల్లో నలుపు నిలవడానికి వాడే గంధకం మందు తీశాడు. తుప్పుపొడి లక్కలో కలిపి చారలు దించాడు. భార్య మసరత్ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ముప్పై ఏండ్లు మెరుగు పెట్టినోడు మసి పూస్తాండాడే! ఎవురికన్నా చెప్తే నమ్ముతారా?"

సొట్ట పెట్టడమే కష్టమైంది. సుత్తి ఎత్తి మూడుసార్లు దించాడు. నాలుగోసారి కళ్లు మూసుకుని లోపలినుంచి కొట్టాడు.

శనివారం పులివెందుల బడిలో పాలయ్య ఆ వ్యాగన్‌ను చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు.

"ఈ సొట్ట యాడ పడిందప్పా?"

"ముద్దనూర్లోనే మామా."

"బొగ్గు దించేటప్పుడేనా?"

"మళ్ల? బంగారం దించేటప్పుడు పడతాదా!"

పాలయ్య గట్టిగా నవ్వి, బండి చివర గార్డు పెట్టెకు ముందు దాన్ని తగిలించాడు. "ముప్పై నాలుగేండ్లు నా కండ్ల ముందర ఊగుతా పోయింది ఈ బండే. దీని జాగా ఈడనే."

బండి కదిలింది. మలుపులో షాకీర్ బల్ల మీదికి వంగాడు. చక్రాలు పట్టా వదల్లేదు. మూడు చుట్లు తిరిగి బండి ఆగింది.

అంతలో బడి ఊడ్చే గురమ్మ తడిగుడ్డతో వచ్చింది. "అయ్యో, ఈ డబ్బాకు ఎంత మసి పట్టిండాదో!" అంటూ చేయి చాచింది.

షాకీర్ అరచేయి అడ్డం పెట్టాడు. "తుడవొద్దు తల్లీ! ఆ మసి నేను చేసింది."

గురమ్మ వంగి చూసింది. తుప్పు చార మీద వేలు ఆనించి, వేలికేమీ అంటకపోవడం చూసి, వాకిట్లోకి కేకేసింది.

"ఒరే పిల్లల్లారా, రాండి! ఈయప్ప మసి ఎంత బాగ చేసినాడో చూద్దురు రాండి!"

పిల్లలు పరుగెత్తుకొచ్చారు. అందరికీ కనబడాలని షాకీర్ బల్ల పక్కకు జరిగి నిలబడ్డాడు.