పై గదిలో డకెట్ గారు

మేవిస్ దిండు గలేబులు ఇస్త్రీ చేస్తూ ఉండగా భోజనాల గదిలోంచి గోడకు మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. వెనకే భర్త హోలిస్ గొంతు.

"మేవిస్, ఓసారి వచ్చి చూడు. వంకరగా ఉందా?"

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వెళ్ళింది. గోడ మీద కొత్త పటం. అద్దం వెనక, పోయిన ఆదివారం అట్లాంటా పత్రిక ఒకదానిలో పడ్డ వ్యాసం. అందులో రంగుల ఫోటో. హోలిస్ తెల్ల చొక్కా చేతులు మడిచి, బిస్కట్ల పళ్ళెం పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ చొక్కా ఉతికింది ఆమె. ఆ బిస్కట్లు చేసింది ఆమె. ఫోటో తీస్తున్నంతసేపూ తలుపు వెనక నిలబడి, వెలుతురు కోసం పరదా పట్టుకుంది కూడా ఆమే.

"ఎడమ వైపు కాస్త దిగింది," అంది.

శని ఆదివారాలు చిన్న ఊళ్ళలో గడపాలనుకునే నగరం వాళ్ళ కోసం రాసిన వ్యాసం అది. తమ వెదర్బీ ఊరి కోర్టు గడియారం, చుట్టూ పాత ఇటుక దుకాణాలు, మాగ్నోలియా చెట్లు, అన్నీ అయ్యాక వీళ్ళ అతిథిగృహం, ప్రెవిట్ ఇల్లు. 'హోలిస్ ప్రెవిట్ తన నాయనమ్మ నాటి బిస్కట్లతో అతిథులను నిద్ర లేపుతారు. ఆయన భార్య ఇంటిపనుల్లో చేదోడుగా ఉంటారు.'

ఆ రెండు వాక్యాలూ మేవిస్‌కి కంఠతా వచ్చేశాయి. చేదోడు. నాలుగు గదుల అతిథిగృహం ఇరవై రెండేళ్ళుగా నడుస్తోంది. ఏ అతిథికి గుడ్డు పడదో, ఏ గది పంపు కారుతుందో, ఏ దుప్పటికి ఎక్కడ మాసిక ఉందో ఆమెకే తెలుసు. హోలిస్ పని వరండాలో కూర్చుని కథలు చెప్పడం. బాగా చెబుతాడు, కాదనలేం. అతిథులు వెళ్ళేటప్పుడు అతని చెయ్యి వదలకుండా ఊపి, ఆమె వైపు తిరిగి "మీది ఎంత అదృష్టమండీ, ఏడాది పొడుగునా సెలవుల్లో ఉన్నట్టే" అంటారు. వాళ్ళు ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతిలో వాళ్ళ తడి తువ్వాళ్ళు ఉంటాయి. ఇక బిస్కట్లు. ఓవెన్‌లో పొంగే ఆ మెత్తటి చిన్న రొట్టెలు ఆమెకు నేర్పింది అమ్మ కొరీన్. నూలు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, జుట్టులో దూది పీచుతోనే వంటింట్లోకి వచ్చి, కొలతా పాడూ లేకుండా పిండిలో మజ్జిగ పోసేది. "పిసక్కు తల్లీ. దగ్గరికి తియ్యి, అంతే," అనేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు, ఊరంతా మిస్ ఆర్డిత్ అని పిలిచే ఆవిడ, నలుగురిలో అన్నారు, "వేళ్ళు చూస్తే చాలు, మిల్లు కాలనీ పిల్లని ఇట్టే తెలిసిపోతుంది." ఆ వేళ్ళు కలిపిన పిండి మాత్రం ఇప్పుడు ప్రెవిట్ల వారసత్వం అయిపోయింది.

వ్యాసం వచ్చిన రోజునే అడిగింది. "అవి మా అమ్మవి కదా, హోలిస్."

"తెలుసులే. కథ కాస్త ఇంపుగా ఉండాలి కదా. మిల్లు కాలనీ బిస్కట్లు తిందామని అట్లాంటా నుంచి ఎవరన్నా కారేసుకుని వస్తారా చెప్పు?"

కోపంగా అనలేదు. ఆమె భుజం తట్టి, ముద్దుగా అన్నాడు. అందుకే మరీ మండింది.

"నాకూ రెండ్రోజులు ఎక్కడికైనా వెళ్ళాలని ఉంది," అంది.

"ఎక్కడికెళ్తావ్? సెలవు గడపడానికి ఎక్కడెక్కడి వాళ్ళంతా నీ ఇంటికే వస్తోంటే."

మర్నాడు మేవిస్ గదులు రాసే పుస్తకం తెరిచి, తన గుండ్రటి అక్షరాలతో రాసింది: మిస్ ఎం. డకెట్. ఒక్కరు. శుక్ర, శనివారాలు. పై గది.

ఇప్పుడు పటం సరిచేసి, చేతులు దులుపుకుని, హోలిస్ ఆ పుస్తకం తిరగేశాడు. "ఈ డకెట్ ఎవరు? ఒంటరి ఆడమనిషి. పై గది మెట్లెక్కగలదా, అడిగావా?"

"ఎక్కగలదు."

సరేనని పుస్తకం మూసేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం. అతన్ని కట్టుకునే ముందు ఆమె పేరు అదే. మేవిస్ ఇస్త్రీ దగ్గరికి తిరిగి వెళ్ళి, చల్లారిపోయిన పెట్టెను గలేబు మీద చాలాసేపు నడిపింది.

శుక్రవారం పొద్దున్నే అన్ని గదుల్లో పక్కలు వేసింది. వరండా కుర్చీల మీద పేరుకున్న పైన్ చెట్ల పుప్పొడి తుడిచింది. పై గదిలో దుప్పటి ఎన్నడూ లేనంత బిగుతుగా లాగి దోపింది. మూడింటికి స్నానం చేసి, నీలం గౌను వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని వెనక తలుపులోంచి బయటపడింది. ఇల్లు చుట్టి వచ్చి, ముందు మెట్లెక్కి గంట నొక్కింది.

హోలిస్ అతిథుల కోసం దాచుకునే నవ్వుతో తలుపు తీశాడు. ఆ నవ్వు సగంలో ఆగింది.

"తాళం మర్చిపోయావా? వెనక తలుపు తీసే ఉందిగా."

"పై గది తీసుకున్నాను. డకెట్ పేరు మీద."

వరండాలో అప్పటికే షార్లెట్ నగరం నుంచి వచ్చిన హెట్టీ, ఆమె చెల్లెలు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ రిటైరైన టీచర్లు. వాళ్ళు చూస్తున్నారని గ్రహించి హోలిస్ గట్టిగా నవ్వాడు. "మా ఆవిడకి సరదా ఎక్కువ," అని పెట్టె అందుకున్నాడు. మెట్ల మలుపు తిరగ్గానే గొంతు మారిపోయింది.

"ఏమిటీ వేషాలు? నాలుగింటికి వాళ్ళకి టీ ఇవ్వాలి. కేకు ఎక్కడ పెట్టావ్?"

"చెయ్యలేదు. నేను రేపు ఎనిమిదిన్నరకి కిందకి వస్తాను. నా కాఫీలో పాలు పొయ్యొద్దు."

తలుపు మూసి మంచం మీద వాలింది. ఆ మంచం పక్క ఎన్ని వందల సార్లు మార్చిందో. ఒక్కసారి కూడా దాని మీద పడుకోలేదు. పడుకుంటే కిటికీలోంచి కోర్టు గడియారం, దాని కింద ఎగిరే పావురాలు కనిపిస్తాయని ఇన్నేళ్ళలో ఆమెకు తెలియదు. హాయిగా అనిపించాలి. ఒళ్ళు మండింది. ఇంత చిన్న సుఖం, పద్నాలుగు మెట్ల దూరంలో ఉన్నది, తనకు దక్కకుండా ఇరవై రెండేళ్ళు ఎట్లా గడిచాయి?

సాయంత్రం చౌరస్తాకి నడిచి వెళ్ళి, ఉడికించిన వేరుశనగల పొట్లం కొనుక్కుని బెంచీ మీద కూర్చుంది. ఇనుప సామాన్ల కొట్టు పర్విస్ గారు షట్టర్ దించుతూ ఆగారు.

"హోలిస్‌కి ఒంట్లో బాగాలేదా ఏమిటమ్మా? ఈ వేళప్పుడు ఇక్కడున్నావ్."

"బాగానే ఉన్నాడండి."

"మరి ఇంట్లో అతిథుల్ని ఎవరు చూస్తున్నారు?"

"హోలిస్."

ఆయన షట్టర్‌కి తాళం వేసి, "పోనీలే, ఏదన్నా అవసరమైతే చెప్పు," అన్నారు, ఎవరో పోయిన ఇంటివాళ్ళకి చెప్పినట్టు. మేవిస్ పొట్లం మొత్తం ఒక్కతే తినేసింది.

శనివారం ఆరున్నరకి తలుపు మీద వేళ్ళ చప్పుడు.

"మేవిస్, పిండి ఎక్కడుంటుంది?"

అలవాటుగా కాళ్ళు నేల మీద పెట్టేసింది. మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. ఆ వంటింట్లో అతను పుట్టి పెరిగాడు. రోజూ రెండు పూటలా తింటాడు.

"వంటింట్లో, హోలిస్," అంది.

ఎనిమిదిన్నరకి బల్ల మీదకు వచ్చిన బిస్కట్లు పళ్ళెంలో చప్పుడు చేశాయి. హెట్టీ ఒకటి కొరికి, మర్యాదగా నమిలి, గోడ మీద పటం వైపు చూసింది. "పేపర్లో రాసింది వీటి గురించేనా?"

"మా నాయనమ్మ పద్ధతి," అన్నాడు హోలిస్. "ఇవాళ ఓవెన్ మొరాయిస్తోంది."

బల్ల చివర కూర్చున్న అత్తగారు మిస్ ఆర్డిత్ చాకు కింద పెట్టారు. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఆకలేస్తే ఎవరినీ లెక్కచెయ్యరు. "మీ నాయనమ్మ జన్మలో పిండి ముట్టలేదురా. నేనూ ముట్టలేదు. ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళు బిస్కట్లు చేసింది లూటీ గెయిన్స్. నల్లవాళ్ళ పేటనుంచి పొద్దు పొడవకముందే నడిచి వచ్చేది. వెనక తలుపులోంచి వచ్చి, వెనక తలుపులోంచే పోయేది. ఆమె మానేశాక, మళ్ళీ మేవిస్ వచ్చేదాకా ఈ ఇంట్లో తినదగ్గ బిస్కట్ లేదు. ఆ తేనె ఇటివ్వు, దీన్ని నానబెట్టుకుంటాను."

అత్తగారి నోట తన పేరు అంత మర్యాదగా వినడం మేవిస్‌కి అదే మొదటిసారి. కానీ సంతోషించాలని తోచలేదు. లూటీ గెయిన్స్. అదే పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు నిలబడి, తనకు ముందు ఇక్కడ నిలబడింది ఎవరని తను మాత్రం ఎప్పుడు అడిగింది? నాయనమ్మ అని హోలిస్ చెబితే, అమ్మ పేరు మింగేశాడని తన కడుపు మండిందే గాని, ఆ మాట కింద ఇంకో మనిషి కూడా అణిగిపోయిందని ఊహించనైనా లేదు. పేపర్లో ఒక్క పేరు పడటానికి ఎంతమంది ఆడవాళ్ళు కనపడకుండా పోవాలి?

"మీరు పేపర్లో చదివింది మా అమ్మ బిస్కట్ల గురించి, హెట్టీ గారూ," అంది. "కొరీన్ డకెట్. నూలు మిల్లులో పనిచేసేది."

హోలిస్ మెడ ఎర్రబడింది. హెట్టీ అతన్ని చూడలేదు. "అయితే రేపు మీరు చేస్తారా?" అని ఆశగా అడిగింది.

"రేపు కూడా నేను అతిథినేనండి."

ఆదివారం పదకొండింటికి అక్కాచెల్లెళ్ళు వెళ్ళిపోయారు. మేవిస్ పెట్టె పట్టుకుని కిందకి దిగింది. తొట్టి నిండా అంట్లు, నేల మీద పిండి. బల్ల ముందు హోలిస్ కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు.

"సరే. నీ ముచ్చట తీరింది," అన్నాడు. "నాదే తప్పు. ఇకనుంచి మీ అమ్మ పేరే చెప్తాను. సరేనా? రేపట్నుంచి మామూలే కదా?"

రెండు రోజుల కిందట ఆ మాటకు ఆమె కరిగిపోయేదేమో. ఇప్పుడు చివరి ముక్క ఒక్కటే చెవిలో పడింది. మామూలే కదా.

"కాదు."

"శుక్రవారం ఆరుగురు వస్తున్నారు. ఎవరు చేస్తారు మరి?"

"మనిషిని పెట్టుకో. ప్రకటన ఇవ్వు. పనేమిటో వివరంగా రాయి, లేకపోతే ఎవరూ రారు. పై గది మాత్రం ఎవరికీ ఇవ్వకు. అక్కడ నేనుంటాను."

బెదిరింపు అనుకున్నాడో ఏమో, విసురుగా కాగితం లాక్కున్నాడు. 'వంట' అని రాశాడు. దాని కింద 'పక్కలు వెయ్యడం'. కలం ఆగింది. వంటింటి నాలుగు మూలలూ చూశాడు, కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. ఏమీ తట్టలేదు.

"తర్వాత?" అన్నాడు, నిజంగానే తెలియక.

మేవిస్ నాలుక చివరిదాకా వచ్చింది జాబితా అంతా. మింగేసింది.

"అదీ నేనే చెప్పాలంటే," అంది, "అదీ ఒక పనే. ముందు అది రాసుకో."