ఎడమ వైపు పిన్ను

యాకూబు నన్ను ఏడేళ్లు మోసం చేశాడు. అబద్ధం చెప్పి కాదు, నోరు మూసుకుని. రెండూ ఒకటే.

యాకూబుకు ఎల్లారెడ్డిలో వెల్డింగు షాపు ఉంది. మాది నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. రెండెకరాల పొలం, ఒక పాత ట్రాక్టరు. పొలం మీద తిండి, ట్రాక్టరు మీద బతుకు. కిరాయికి దున్నుతాను. ట్రాక్టరు వెనక కట్టడానికి మూడు సామాన్లు ఉన్నాయి: కల్టివేటర్, రొటవేటర్, మడి చదును చేసే బ్లేడు. వాటికి ఏం విరిగినా యాకూబు దగ్గరికే పంపేవాణ్ని. తీసుకుపోయేది నా భార్య రూత్. నేను ఎక్కడో ఒకచోట పనిలో ఉండేవాణ్ని. ఆమె ఆటో ట్రాలీలో వేయించుకుని పోయి, బాగు చేయించుకుని వచ్చేది.

ట్రాక్టరు వెనక రెండు ఇనుప చేతులుంటాయి. వాటి పైన నడుమ ఒక రాడు ఉంటుంది. కల్టివేటర్‌కు రెండు పక్కలా రెండు పిన్నులుంటాయి. బండిని వెనక్కి తెచ్చి, చేతుల చివరి రంధ్రాలను ఆ పిన్నులకు ఎక్కించాలి. తర్వాత పై రాడు తగిలించాలి. సీటు మీద ఉన్నవాడికి వెనక అంగుళాల తేడా తెలియదు. ఒకరు నడపాలి, ఒకరు వెనక నిలబడి ఎక్కించాలి. ఆ రెండో మనిషి రూత్. 2011లో కామెర్లు వచ్చి చనిపోయింది. 

ఆమె తర్వాత ఆ పని మా తోడల్లుడు అబ్రాహాముకు పడింది. రూత్ చెల్లెలు బాలలక్ష్మి మొగుడతను. రానని ఎన్నడూ అనలేదు. కాని పిలిపించుకుంటాడు. మొదటి ఫోనుకు "చాయ్ తాగుతున్న అన్నా" అంటాడు. రెండో ఫోనుకు "చెప్పులేసుకుంటున్న" అంటాడు. మూడో ఫోను ఎత్తడు. చివరికి వచ్చి, రెండు నిమిషాల్లో పిన్నులు ఎక్కించి, ఊర్లోకి పోయి చెప్పుకుంటాడు. "నేను పోకుంటె మా అన్న బండి గంగిరెద్దు లెక్క నిలబడుడే!" జనం నవ్వుతారు. నేను అక్కడే ఉన్నా నవ్వుతారు.

2013 జనవరిలో పోచారం కాలువకు నీళ్లు వదిలారు. యాసంగి నాట్ల కోసం అందరికీ ఒకేసారి కరిగెట చెయ్యాలి, అంటే మడిని నీళ్లలో బురదగా దున్నాలి. మా ఊరి మైసన్న తన నాలుగెకరాలకు నాతో మాట్లాడుకున్నాడు. మొదటి సాలు కల్టివేటర్‌తో అయింది. రెండోసారికి రొటవేటర్ కట్టాలి. అబ్రాహాము బీబీపేటలో పెండ్లికి పోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున మైసన్న మడిలో వేరేవాళ్ల ట్రాక్టరు తిరుగుతోంది.

"ఏమనుకోకు దేవరాజన్నా. నీళ్లు ఆగయి గద" అన్నాడు మైసన్న.

అనుకున్నాను. ఎందుకు అనుకోను?

ఆ వారమే కామారెడ్డి బస్సెక్కాను. అక్కడ ట్రాక్టరు సామాన్ల షాపులో ఒక ఇనుప చట్రం చూశానని ఎవరో చెప్పారు. నిజంగానే ఉంది. చిన్న గుమ్మంలాగా నిలబెట్టి ఉంది. కింద రెండు కొక్కేలు, పైన ఒక కొక్కెం.

"క్విక్ హిచ్ అంటరు కాకా" అన్నాడు సేటు. "దీన్ని నీ బండి చేతులకు ఒక్కసారి బిగిస్తవు. ఇగ తియ్యవు. సీటు మీద కూసోని రివర్స్ తెచ్చుడు, లేపుడు. టక్కుమని పడతది. ఎన్క మనిషే అక్కరలేదు."

మనిషే అక్కరలేదు. ఇంకేం చెప్పినా నేను వినేవాణ్ని కాదు.

"ఇయ్యి" అన్నాను.

"ఆగు కాకా. ఇది చెప్పులు గాదు, తొడిగి సూసుడుకు. నీ సామాన్ల పిన్నుల మందం ఎంత?"

బొటనవేలు చూపించాను.

"ఎవరి బొటనవేలు? నీదా, నాదా?" షాపులో పని చేసేవాళ్లు కూడా నవ్వారు. "చిన్న బండ్లకు సన్న పిన్ను, పెద్ద బండ్లకు మందం పిన్ను. కొక్కెం దాన్నిబట్టి ఉంటది. రెండు పిన్నుల నడుమ వెడల్పు ఎంత? కింది పిన్ను నుంచి పై పిన్ను దాక ఎత్తు ఎంత? మూడు సామాన్లయి మూడు కొలతలు రాసుకొని రా. ఒక్కటి కలవకున్నా నన్ను తిట్టుకుంటవు."

తిరిగి వచ్చి కొలిచాను. పిన్ను మందం మూడింటికీ ఒకటే, అంగుళానికి కొంచెం తక్కువ. వెడల్పు ఇరవై ఏడు అంగుళాలు, మూడింటికీ. పై ఎత్తు పద్దెనిమిది, మూడింటికీ. కాగితం మీద రాసుకుని మళ్లీ పోయాను. సేటు చూసి సన్న కొక్కేల చట్రం తీశాడు.

"ఇదే నీది. రెండు మాటలు యాదిపెట్టుకో. చట్రం కట్టినంక సామాను నాలుగు అంగుళాలు ఎన్కకు జరుగుతది. ఇంజను కాడికెల్లి రొటవేటర్‌ను తిప్పే షాఫ్ట్ పొడవు సాలుతదా సూస్కో. ఇంకోటి, బండి చేతులు రెండు సమానంగ ఉండాలె. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉంటె చట్రం వంకరైతది."

నా బండికి ఎడమ చెయ్యి రెండు వేళ్లు కిందికి వేలాడుతుంది. నేను కొన్నప్పటినుంచీ అంతే. కుడి చేతిని ఎత్తి దించడానికి ఒక మర ఉంటుంది. అది తుప్పు పట్టి తిరగదు. మొదటి ఏడాది కల్టివేటర్ ఎడమకు వాలి దున్నేది. పళ్లు మార్పించాక సరిపోయింది. ఆ తర్వాత ఏది కట్టినా సమానంగానే నడిచింది. నా బండికి మర తిప్పే అక్కరే లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ని.

ఇప్పుడు ఆ మరకు డీజిల్ పోసి, సుత్తితో కొట్టి, రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. తిరిగింది. కుడి చేతిని దించి రెండింటినీ సమానం చేశాను. చట్రం బిగించాను. షాఫ్ట్ కొలిచాను, చాలుతుంది. కల్టివేటర్ దగ్గరికి రివర్స్ తెచ్చి లేపాను.

ఎడమ కొక్కెం పడింది. కుడి కొక్కేనికి, పిన్నుకు నడుమ రెండు వేళ్ల సందు. ఇంకా లేపితే కల్టివేటర్ ఒక పక్కకు వాలి, కుడిది కూడా తగిలింది. కాని అప్పటికి పై కొక్కెం తన పిన్ను పక్కనుంచి తప్పిపోయింది. కొక్కేల తాళం పడలేదు.

దించి మళ్లీ లేపాను. పదిసార్లు. కల్టివేటర్ వదిలేసి రొటవేటర్ దగ్గరికి పోయాను. అదే. బ్లేడు దగ్గరికి పోయాను. అదే.

అబ్రాహాము గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు పిలవకుండానే వచ్చాడు.

"అన్నా, టక్కుమనలేదేంది?"

నేను దించి ఇంకోసారి లేపాను.

"అది గూడ చాయ్ తాగుతుందేమో. జెర ఆగు."

చట్రం విప్పి కామారెడ్డి బస్సు మీద వేయించాను. కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టాడు. "గుమ్మం తీస్కపోతున్నవా పెద్దాయనా, ఇల్లు యాడ కడుతున్నవు?" అని అడిగాడు. సేటు చట్రాన్ని బండ మీద పెట్టి, రసమట్టం పెట్టి చూశాడు. వెంట్రుకంత తేడా లేదు. నేను ఒప్పుకోలేదు. ఇంకొకటి ఇచ్చాడు. దాన్ని మోసుకొచ్చి బిగించాను. మళ్లీ రెండు వేళ్లే. మళ్లీ మోసుకుపోయాను.

ఈసారి సేటు విసుక్కోలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అది ఇంకా చిరాకు.

"కాకా, మూడు సామాన్లు ఏడేడ కొన్నవు?"

"కల్టివేటర్ దోమకొండల పాతది. రొటవేటర్ కొత్తది. బ్లేడు మెదక్‌ల జేయించిన."

"మూడు జాగలల్ల మూడు కొన్నవు. మూడిట్ల ఒక్క దిక్కే, ఒక్క లెక్కనే తప్పు ఎట్ల వస్తది? ఇది తప్పు గాదు కాకా. ఎవరో కావాలని జేసిండ్రు. ఇంటికి పోయి ఎడమ పిన్ను సూడు."

చూశాను. వెడల్పు కొలిచాను, ఎత్తు కొలిచాను కాని, రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని నేను కొలవలేదు. ఎవరైనా ఎందుకు కొలుస్తారు? మూడింటికీ ఎడమ పిన్ను కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంది. రంగు గీకితే కింద వెల్డింగు అతుకు కనిపించింది. సన్నగా, చేప పొలుసుల్లాగా వరసగా ఉంది. అలా అతికేది మా దిక్కున ఒక్కడే.

మరునాడు ఎల్లారెడ్డి పోయాను. యాకూబు గేటు ఒకటి అతుకుతున్నాడు. నన్ను చూసి కళ్లకు పెట్టుకున్న నల్లద్దం పైకి ఎత్తాడు.

"నా సామాన్ల ఎడమ పిన్ను ఎవరు దించిండ్రు?"

"నేనే దించిన" అన్నాడు. తడుముకోలేదు.

"ఎవరు దించుమన్నరు?"

"వదినె."

"ఏ వదినె?"

"ఏ వదినె ఏందన్నా? రూతక్క. మా వదినె."

గేటు పక్కన పెట్టి, నాకు స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు.

"పళ్లు మార్చుమని నువ్వు కల్టివేటర్ పంపినవు సూడు, అప్పుడు. బండి ఎడమ చెయ్యి కిందికి ఉంటది, దాన్ని రెండు చేతులతోని లేపి పిన్నుకు ఎక్కియ్యాలంటె నడుము వట్టుకుంటుంది యాకూబూ, అన్నది. బండి బాగుచేపిచ్చుకోరాదు వదినె అన్న. రెండుసార్లు చెప్పిన, ఆయన వింటలేడు, అన్నది. పిన్నునే దించు, చెయ్యి యాడ ఉంటదో ఆడికే పిన్ను ఉంటె నాకు లేపే పని ఉండది, అన్నది. మంచి ఉపాయమే అనిపిచ్చింది. దించిన. ఆ తర్వాత నువ్వు ఏది కొన్నా, ఏదో ఒక రిపేరని తెచ్చి దానికి గూడ దించిపిచ్చింది. అతుకు కనవడకుంట రంగు గూడ తనే ఏసేది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పద్దన్నది."

"ఎందుకు?"

"బండిని ఏమన్నంటె ఆయనకు కోపం, అన్నది. ఆయనకు ఎర్క లేకుంట ఆయన బండి సక్కగ దున్నుతది, సాలు గద, అని నవ్వింది గూడ."

ఆమె రెండుసార్లు చెప్పిన మాట నిజం. నాకు జ్ఞాపకం ఉంది. ఒక పిన్ను పెట్టడానికి ఇంత రాగమా అన్నాను. ఆలస్యమైతే సీటు మీదినుంచి అరిచేవాణ్ని కూడా. తర్వాత ఆమెకు చెయ్యి తిరిగిందని, నా అరుపులవల్లే పని నేర్చుకుందని అనుకున్నాను. ఇదంతా యాకూబు అనలేదు. అనాల్సిన అవసరం లేదని అతడి మొహంలో కనిపించింది. అది నేను క్షమించను.

రూత్‌నూ క్షమించను. మూడోసారి నాకు చెప్పడంకంటే, ఇనుము కోయించి మళ్లీ అతికించడం ఆమెకు తేలికైంది. ఒకసారి కాదు, మూడుసార్లు. అన్నేళ్లు ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా బతికి, ఒక వెల్డింగు చేసేవాడికి తెలిసింది నాకు తెలియకుండా పోయింది.

"ఇప్పుడు ఏం జేద్దామన్నా?" అన్నాడు యాకూబు.

"కుడి చెయ్యిని మళ్ల పాత లెక్కనే పెడితె చట్రం పడదా?"

"కింద పడతది. చట్రం వాలి పై కొక్కెం పక్కకు పోతది. రెండే దార్లు. చట్రం వాపస్ ఇచ్చి, ఎప్పటి లెక్కనే అబ్రాహామన్నను పిలుచుకో. లేకుంటె మూడు పిన్నులు కోసి పైకి పెట్టాలె." చేతులు తుడుచుకున్నాడు. "నాకైతె కొయ్య బుద్ధి అయితలేదన్నా. వదినె చేపిచ్చింది."

"నీ బుద్ధి నేను అడగలే. కొయ్యి."

మరునాడు గ్యాసు సిలిండరు ఆటోలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మొదట కల్టివేటర్. మంట పెట్టగానే ఆమె వేసిన రంగు బుడగలు వచ్చి కాలింది. పిన్ను తెగి కింద పడింది. మిగతా రెండూ అంతే. కొత్త పిన్నులు పెట్టేముందు రసమట్టంతో మూడుసార్లు చూశాడు. పోయేముందు తెగిన మూడింటినీ గోనెసంచి మీద వరసగా పెట్టాడు.

"ఉంచుకుంటవా అన్నా?"

"పాత ఇనుముల ఏసుకో."

అతడు పోయాక సీటెక్కాను. రివర్స్ తెచ్చి లేపాను. రెండు కొక్కేలూ ఒకేసారి పడ్డాయి. పైది పడింది. తాళం పడింది. దించి, ముందుకు పోయి, రొటవేటర్‌కు వచ్చాను. పడింది. బ్లేడు పడింది. వెనక ఎవరూ లేరు. ఆ యాసంగిలో మిగిలిన పదకొండు ఎకరాలు ఒక్కణ్నే దున్నాను. అబ్రాహాముకు ఒక్క ఫోను చేయలేదు.

పని అయింది. అక్కడితో అయిపోవాలి. కాని యాకూబు ఎల్లారెడ్డి అంతా చెప్పాడు. బాలలక్ష్మి వచ్చి, అక్క నాకూ చెప్పలేదని ఏడ్చి, మళ్లీ మొదటినుంచీ చెప్పమంది. ఆదివారం చర్చిలో పాస్టరు చెయ్యి పట్టుకుని, ఈ సంగతి సంఘం ముందు సాక్ష్యంగా చెప్పమన్నాడు. రూత్ ప్రేమ ఎలాంటిదో నలుగురికీ తెలియాలట. చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చాను.

అందుకే ఈ ఒక్కసారి రాశాను. అడిగినవాళ్లందరికీ కలిపి ఇదే జవాబు. ఇకమీదట రూత్ పేరుతో గాని, యాకూబు పేరుతో గాని ఈ మాట నా దగ్గర ఎత్తొద్దు. ఎత్తితే లేచి పోతాను. నేను మాత్రం చచ్చేదాకా దీన్ని మళ్లీ నోట పలకను.