కర్రెగాడి కూలి

మా కర్రెగాడిని దొంగ అని ఎవరన్నా అంటే నేను ఇప్పటికీ ఊరుకోను. నన్నంటే పడతానేమో గానీ ఆ కుక్క మీద మాట పడనివ్వను. వాడికి నోరు లేదు, నాకుంది. నా నోటి సంగతి కొత్తవాడలో అందరికీ తెలుసు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు జరిగిందిది. వరంగల్ కొత్తవాడలో మాది ఒక్క మగ్గం ఇల్లు. మా ఆయన పాండురంగం నేసేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని, మా అత్త నూలు చిక్కులు తీసేది. ఇద్దరు ఆడపిల్లలు. మగ్గం మీద నుంచి బట్ట దిగితేనే ఇంట్లోకి జొన్నలొచ్చేవి. దిగడం ఆలస్యమైతే రొట్టెలు పలచబడేవి. అట్లాంటి ఇంటికి మా ఆయన ధర్మసాగర్ చుట్టాల దగ్గరికి పోయి వస్తూ, దారిలో ఎవరో వదిలేసిన నల్ల కుక్కపిల్లను అంగీలో పెట్టుకుని సైకిల్ మీద తెచ్చాడు. కర్రెగా ఉన్నాడు కాబట్టి కర్రెగాడయ్యాడు.

"మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని పక్కింటి మల్లక్క నా మొహం మీదే అన్నది.

"మా మీసాలు, మా నూనె" అని తలుపేసుకున్నాను. తలుపైతే వేసుకున్నాను గానీ వాడికేం పెట్టాలన్న ఫికర్ లోపలే ఉంది.

దానికి మా ఆయనే ఉపాయం కనిపెట్టాడు. నేతపని తెలియని వాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. పడుగంటే బట్టలో నిలువుగా పోయే పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని గల్లీ పొడుగునా కర్రల మీద సాగదీసి, ఉడికించిన గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెడతారు. గంజి పడితేనే పోగుకు బలం. అది ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఈ రోజు నీ పడుగుకు నేను చెయ్యేస్తే, రేపు నా పడుగుకు నువ్వు వేస్తావు. గల్లీ చెయ్యివ్వకపోతే ఎంత పనిమంతుడైనా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే.

ఎవరి పడుగైనా సరే, పని అయ్యాక కుండ అడుగున కొంత గంజి మిగులుతుంది. మా ఆయన దాన్ని గిన్నెలో పట్టుకొచ్చి కర్రెగాడికి పోసేవాడు. వాడు గిన్నె మెరిసిపోయేదాకా నాకేవాడు.

"చూసినవా, ఖర్చు లేని కుక్క" అని మీసం తిప్పేవాడు మా ఆయన. నాకు ఆ మాట నచ్చలేదు. గంజినీళ్ళు తాగి పెరిగే ప్రాణానికి ఎముక ఎట్లా గట్టిపడుతుంది? పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉండేవి వాడికి. కానీ మా పిల్లల రొట్టెలో నుంచి తీసి పెట్టే ధైర్యం నాకూ లేదు.

ఏడాది తిరిగింది. ఒకనాడు పొద్దున గల్లీకి పెద్ద అయిన వెంకట్రాజం పడుగు పెట్టాడు. నాకు బావ వరస. గంజి పట్టించి, దువ్వి, అందరూ చాయ్ తాగడానికి అరుగు మీదికి పోయారు. తిరిగి వచ్చేసరికి కర్రెగాడు పడుగు పక్కన నిలబడి తడి పోగులను హాయిగా నాకుతున్నాడు. మూరెడు మేర పోగులు ఉండలు కట్టి తెగిపోయాయి.

వెంకట్రాజం బావ కుక్కను కొట్టలేదు. కొడితే బాగుండేది, కోపం అక్కడితో దిగేది. మెల్లగా మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"యాకమ్మా, దొంగతిండి మరిగిన కుక్క అది. ఎక్కడన్న ఇడిసి రాండ్రి. లేకుంటె మీ పడుగుకు ఈ గల్లీల ఎవ్వడు చెయ్యెయ్యడు."

ఆ మాటతో మా ఇంటి పొయ్యి సగం ఆరింది. మా ఆయన లోపలికి పోయి గోనెసంచి తెచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూనే తెచ్చాడు.

"ఏటూరునాగారం పోయే లారీల ఎక్కిస్త. అడివిల ఎట్లనో బతుకుతడు."

"అడివిల వానికి ఎవ్వలు వండిపెడ్తరయ్యా?" అని సంచి గుంజుకున్నాను. విసురుగా తిరిగేసరికి నా కాలు తగిలి కర్రెగాడి గిన్నె బోర్లా పడింది. దాన్ని ఎత్తి చూశాను. వాసన చూశాను. గంజి వాసన. గల్లీలో ఆరుతున్న పడుగుదీ అదే వాసన. నాకు ఒళ్ళు మండిపోయింది, కుక్క మీద కాదు.

గిన్నె పట్టుకుని నేరుగా వెంకట్రాజం బావ అరుగు దగ్గరికి పోయాను. మా ఆయన వెనకే వచ్చాడు.

"బావా, జర ఈ గిన్నె వాసన సూడు. తెచ్చినకాంచి మేము వానికి పెట్టింది ఇదే. నీ పడుగు వాని కంటికి పొడుగు గిన్నె తీర్గ కనవడ్డది. వాడు దొంగతనం చెయ్యలే, మేము నేర్పిన తిండి తిన్నడు. చెడిపోయిన నూలు మా మగ్గం మీదికెల్లి ఇస్తం. కుక్కను మాత్రం ఇడువ. మా పడుగు పెట్టేదాక గడువియ్యి. అప్పుడు వాడు మూతి పెడితె నువ్వు చెప్పినట్లే ఇంట."

"కుక్క తోక వంకర, యాకమ్మా" అన్నాడు బావ.

"తోక వంకర ఉంటె ఉండనియ్యి. నేను మూతి సంగతి చెప్తాన."

అరుగు మీద వాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు గానీ తలూపాడు.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు. "గంజి మానిపిస్తె మరి ఏం పెడ్తవు?"

అప్పుడే నా కన్ను మగ్గం కింది బుట్ట మీద పడింది. బట్ట దిగాక మిగిలిపోయే కొస పోగులు అందులో ఉంటాయి. పొయ్యి అంటించడానికి తప్ప దేనికీ పనికిరావు. బుట్ట నెత్తిన పెట్టుకుని మండీబజారులో ఇమాం పాషా మాంసం కొట్టుకు పోయాను. ఆయన మాంసాన్ని మోదుగాకులో చుట్టి, ఆ ఆకు ఊడిపోకుండా నారతో తంటాలు పడి కట్టడం చాలాసార్లు చూశాను.

"పాషా భాయ్, కట్టేదానికి ఈ నూలు తీస్కో. నాకు ఎముకలు, మిగిలిన తుంటలు ఇయ్యి. కుక్కకు."

"కుక్కకే కద అక్కా, ఊకెనే తీస్కపో" అన్నాడాయన.

"ఊకెనే వద్దు. మా కుక్క అడుక్కతినేది కాదు."

ఇమాం పాషా ఒక పోగు లాగి చూసి, మెచ్చుకోలుగా తలాడించి బుట్ట లోపలికి తీసుకున్నాడు. ఆ రోజు నుంచి మా పొయ్యి మీద కర్రెగాడి వంట వేరే. పిడికెడు జొన్న నూకలు, పాషా భాయ్ ఇచ్చిన తుంటలు, చిటికెడు పసుపు. గంజి కుండ జోలికి పోతే "ఊహూఁ" అనేదాన్ని. వినకపోతే గిన్నె ఎత్తేసేదాన్ని. వాడు నా మొహంలోకి, కుండలోకి మార్చి మార్చి చూసి చివరికి నా మొహాన్నే నమ్మాడు.

ఒకసారి పొయ్యి మీద అది ఉడుకుతుంటే మా చిన్నది వాసనకు లేచి వచ్చింది. "కూరనా అమ్మా?" అని అడిగింది.

"కాదు బిడ్డా, కర్రెగానిది."

అది ఒక్క క్షణం కుండ వైపు చూసింది. "మరి వాని దాంట్ల మనకెందుకు" అని పోయి అక్క పక్కన పడుకుంది. మేడలూ మిద్దెలూ లేకపోతేనేం, నా కడుపున ఇట్లాంటి పిల్ల పుట్టింది అనుకున్నాను. ఆ పొద్దు నా రొట్టెలో సగం దానికి పెట్టాను.

మా పడుగు పెట్టే రోజు వచ్చింది. చీకటితోనే కర్రెగాడికి కడుపు నిండా పెట్టాను. గల్లీవాళ్ళు వచ్చి చేతులు వేశారు. పని చేయడానికి వచ్చినవాళ్ళ కంటే చూడడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ, మల్లక్కతో సహా. గంజి పట్టింది, దువ్వడం అయింది. చాయ్ వేళకు అందరినీ అరుగు మీదికి రమ్మన్నాను. పడుగు దగ్గర మనిషిని ఉంచుదామని మా ఆయన అంటే వద్దన్నాను.

కర్రెగాడు పడుగు నీడలో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ముక్కు మీద గంజి చుక్క పడితే తల విదిలించుకున్నాడు. కొంతసేపటికి వెంకట్రాజం బావ లేచాడు. కుండ అడుగున మిగిలిన గంజిని చిప్పలో పోసి తీసుకుపోయి వాడి మూతి ముందే పెట్టాడు. అట్లా చేస్తాడని నేను అనుకోలేదు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

కర్రెగాడు లేచాడు. చిప్ప వాసన చూశాడు. తలెత్తి అరుగు మీద నన్ను వెతుక్కున్నాడు. నేను "ఊహూఁ" అనలేదు, కళ్ళతో కూడా ఏమీ చెప్పలేదు. వాడు చిప్పను దాటుకుని నడిచి, పడుగుకు అటువైపు పోయి మళ్ళీ పడుకున్నాడు.

మా ఆయన మీసం మీదికి చెయ్యి పోయింది గానీ తిప్పకుండానే దించుకున్నాడు. ఏడుపొస్తుందని భయపడి ఉంటాడు. నాకైతే ఏ భయమూ లేదు, అందరి ముందే ఏడ్చాను.

వెంకట్రాజం బావ తిరిగి వచ్చి అరుగంచున కూర్చున్నాడు.

"యాకమ్మా, నా పడుగు పెట్టేనాడు వీన్ని జర కావలి తోలియ్యి. గంజి నాకే మేకలతోని సస్తానం."

అప్పటిదాకా "అది" అన్నవాడు ఇప్పుడు "వీన్ని" అన్నాడు.

"తోలిస్త బావా. కూలి ఇయ్యాలె మరి. పొద్దుగాల ఒక జొన్నరొట్టె, గట్టిది. గంజి ముచ్చట ఎత్తద్దు."

బావ అప్పుడు నవ్వాడు. మల్లక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత చాలా ఏళ్ళు ఆ గల్లీలో ఎవరు పడుగు పెట్టినా ముందుగా మా గడపకు ఒక రొట్టె వచ్చేది. కర్రెగాడు దాన్ని నోట కరుచుకుని నా దగ్గరికి తెచ్చి, నేను తుంచి ఇస్తేనే తినేవాడు. మా ఇంట్లో తన కూలి తను తెచ్చుకోని ప్రాణి ఒక్కటీ లేదు.