జ్వరం దిగిన రోజు

మనవరాలికి జ్వరం దిగిందని దీవెనమ్మ సందంతా చాటింపు వేసేసింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక ఆ ఇంట్లో మధ్యాహ్నమే కృతజ్ఞత కూటం. పాస్టరు గారు వచ్చేశారు, పక్కింటి చాపలు వచ్చేశాయి, పులిహోర కలిపేశారు. ఆరేళ్ల జాయ్స్ ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

తల్లి సుజికి అందుకే ఒళ్లు మండిపోతోంది. నాలుగు రోజులు కాలిపోయిన పిల్ల ఒళ్లు పొద్దున్న చల్లబడిన మాట నిజమే. కానీ ఇదేం చల్లబడటం? కాళ్లూ చేతులూ మంచుగడ్డల్లా ఉన్నాయి. కడుపునొప్పని ముడుచుకుపోతోంది, తాగిన నీళ్లు తాగినట్టే కక్కేస్తోంది, పొద్దుటినుంచి ఒంటేలుకి పోలేదు.

"అత్తా, ఆస్పత్రికి తీసుకెళ్దాం."

"జొరం దిగిపోనాది కదే. దేవుడు మేలు సేత్తే మొహం అలా ఎట్టుకుంటావేటి?"

సుజి భర్త వైపు చూసింది. ఇమ్మాన్యుయేల్ గారు చాపలు పరవడంలో తలమునకలుగా ఉన్నారు. మహానుభావుడు.

పాట అయ్యాక, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమని దీవెనమ్మ పిల్లని లేపి నిలబెట్టింది. జాయ్స్ కళ్లు తేలేసి వాలిపోయింది. "నీరసంలే" అన్నారెవరో. ఆ మాటతో సుజికి తెగింపు వచ్చేసింది. పాస్టరు గారి ముందునుంచే పిల్లని భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా రోడ్డెక్కి, కశింకోట పోయే ఆటోలో జనాన్ని దింపించి ఆస్పత్రికి తిప్పించింది.

పిల్లల డాక్టరమ్మ నాడి పట్టుకోగానే సెలైన్ పెట్టించింది. రక్తపరీక్ష వచ్చాక చెప్పింది.

"డెంగీ అమ్మా. ప్లేట్‌లెట్లు ముప్పై వేలకి పడిపోయాయి. రక్తంలోని నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడింది. ఈ జబ్బులో జ్వరం దిగేటప్పుడే అసలు ప్రమాదం. మూత్రం బాగా వచ్చేదాకా నేనేమీ చెప్పలేను. ముందు ఎవరికీ చూపించలేదా?"

"సూపించేమండి. సందు సివర డాక్టరు గారు మాత్రలిచ్చి, జొరం దిగితే తగ్గిపోయినట్టే అన్నారు."

అత్తకైతే చదువు లేదు. బోర్డు కట్టుకుని కూర్చున్న ఆయనకేం వచ్చింది? సుజి పళ్లు నూరుకుంటూ మంచం పక్కనే కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి జాయ్స్ కళ్లు తెరిచి, "అమ్మా, ఒంటేలొత్తంది" అంది. డాక్టరమ్మ నవ్వింది. అంతవరకు కన్నీటిచుక్క రాల్చని సుజి భోరుమని ఏడ్చేసింది.

అప్పుడే క్యారేజీతో వచ్చిన దీవెనమ్మ పిల్ల తల నిమిరింది. "సూసేవా, పాస్టరయ్యగారి ప్రార్థన ఊరికే పోలేదు."

"ప్రార్థన నేనూ సేసేనత్తా," అంది సుజి కళ్లు తుడుచుకుంటూ. "ఆటోలో సేసేను."