లీలమ్మ ఎక్కని కారు

మోత్కూర్ నుంచి తిరుమలగిరి పోయే బస్సు వెనకాల ఒక తెల్ల అంబాసిడర్ కారు మూలుగుతూ పోతుంటే ఆ దారిలో ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. బస్సులో లీలమ్మ ఉందన్నమాట. వెనక కారులో ఆమె భర్త అమరేందర్ ఉన్నాడన్నమాట. పోయేది ఒకే పెళ్లికి, తినేది ఒకే బంతిలో, తిరిగి చేరేది ఒకే ఇంటికి. కానీ ఆమె బస్సులో, ఆయన కారులో.

మొగుడూ పెళ్లాలకు తగాదా ఏమీ లేదు. తగాదా అంతా లీలమ్మకూ ఆ కారు గేరు పెట్టెకూ అని ఊరు అనుకునేది. బత్తాయి తోట విరగకాసిన ఏడు అమరేందర్ నల్గొండలో ఒక కాంట్రాక్టర్ దగ్గర ఆ కారు కొన్నాడు. అప్పటికే అది పాతది. స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ముందు భాగంలో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు. భార్య పక్కన కూర్చుంటే మధ్యలో ఏ అడ్డమూ ఉండదు. ఆ సీటు చూసే కొన్నాడని చెబితే అమరేందర్ ఒప్పుకోడు కానీ, నిజం అదే.

మొదట్లో కారు మర్యాదగానే నడిచింది. తర్వాత తర్వాత గేరు పెట్టె గొంతు విప్పింది. మొదటి గేరులో మూలుగు, రెండో గేరులో ఏడుపు, మూడో గేరులో పిండి గిర్ని. నాలుగో గేరులో కాస్త ఊరట ఉండేది గానీ, మన రోడ్ల మీద నాలుగో గేరు నిలిచేదెంతసేపు? ఒకనాడు తిరుమలగిరి నుంచి ఇంటికి రాగానే లీలమ్మ కారు దిగి, తలుపు ధడాలున వేసింది.

"గీ మోత పోయినంక పిలువు. గప్పటిదాంక నేను బస్సుల వస్త."

అమరేందర్ నవ్వేశాడు. వారం తిరిగితే అలక తీరుతుందనుకున్నాడు. ఏళ్లు తిరిగాయి.

ఆయన మొండితనమూ తక్కువది కాదు. మెకానిక్కు ఎవరైనా పెట్టె విప్పుదామంటే ఒప్పుకునేవాడు కాదు. "ఒకసారి ఇప్పిన పెట్టె మల్ల గట్ల కూసోదు" అనేవాడు. కారు మంచీ చెడూ తన చేత్తోనే చూసుకోవాలని పంతం. పైగా నలుగురిలో "అది మోత గాదు, ఇంజన్ బలం" అని దబాయించేవాడు. ఇంజను వేరు, గేరు పెట్టె వేరని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. పెద్దమనిషి కదా అని ఊరుకునేవాళ్లు.

ఈలోగా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయింది. ఇక లీలమ్మను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. అదివరకు పెళ్లిళ్లకే కదిలే మనిషి ఇప్పుడు కూరగాయలకు తిరుమలగిరి, గాజులకు నల్గొండ. అమరేందర్ ఖాళీ కారు తోలుకుంటూ బస్సు వెనక అద్దంలో భార్య కొప్పు చూసుకుంటూ పోయేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఏమున్నదే గా బస్సుల అంత సంబురం?"

"ఆపుమంటే ఆపుతడు కండక్టరు" అంది లీలమ్మ.

కండక్టరు మంచివాడు కాబోలు అనుకున్నాడు అమరేందర్.

ఆ వేసవిలో లీలమ్మ చెల్లెలు యాదమ్మ తిరుమలగిరిలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలుస్తూ ఫోనులో బావకు ఒక ముక్క అంటించింది. "బావా, నా ఇంటి ముంగట ఇద్దరు ఒక్క బండిలకెల్లి దిగుండ్రి. అక్క బస్సు దిగుడు, ఎనకనుంచి నువ్వు మోతతోని వచ్చుడు, నా కొత్త వియ్యపోళ్లు చూస్తే ఏమనుకుంటరు?"

ఆ మాట అమరేందర్‌కు ముల్లులా దిగింది. వియ్యాలవారి సంగతి ఆయనకు పట్టలేదు. తన పక్క సీటు ఇన్నేళ్లుగా ఖాళీగా ఉందని, అది తనకు అస్సలు బాగాలేదని మొదటిసారి తనతో తాను ఒప్పుకున్నాడు. లీలమ్మ పక్కన లేకుండా కారెక్కడం మీద ఆయనకు విసుగు పుట్టింది. మర్నాడే కారు తీసుకుని మోత్కూర్‌లో సాయిలు షెడ్డుకు పోయాడు.

సాయిలుకు తన చెవుల మీద మహా గర్వం. కారు షెడ్డు ముందు ఆగకముందే చెయ్యెత్తాడు.

"ఇంజన్ బందు పెట్టకన్నా. న్యూట్రల్ల ఉంచు. అరుస్తాందా? ఇప్పుడు క్లచ్ తొక్కు. ఊకున్నదా? ఇడువు. మల్ల మొదలువెట్టింది. చూసినవా, నొప్పి కడుపులనే ఉన్నది. ఇప్పాలె."

"ఇప్పు" అన్నాడు అమరేందర్, కళ్లు మూసుకుని.

సాయిలు కారు కిందికి దూరి, పెట్టె అడుగున బిరడా విప్పి, పళ్లెం పెట్టాడు. పాత నూనె ధారగా కారాలి. చుక్క రాలేదు. పుల్ల పెట్టి కెలికాడు. పుల్లకు నల్లగా, సాగుతూ, పాకంలాంటిదేదో అంటుకుని వచ్చింది. సాయిలు దాన్ని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తర్వాత కారు కిందినుంచి మెల్లగా బయటికి వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నిజం చెప్పు. గీ పెట్టెల ఏం పోసినవు?"

అమరేందర్ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన శ్రద్ధ ఒకరికి కనబడింది. "కందెన" అన్నాడు. "మా బాపు బండి ఇరుసుకు పెట్టే కందెనే. మన చేనుల ఆముదం, దాంట్ల గడ్డి కాల్చిన మసి. ఏరువాకకు బండ్లకు పెట్టేటప్పుడు కారుకు గూడ జర వెచ్చజేసి పోస్త. ఒక్క ఏడు తప్పలేదు."

సాయిలు కాసేపు నవ్వాలా ఏడవాలా తేల్చుకోలేకపోయాడు. చివరికి నవ్వే గెలిచింది. పక్కనున్న పాత టైరు మీదికి ఒరిగిపోయి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు.

"బండి ఇరుసుకు అది అమృతమే అన్నా. ఎడ్లు ఎంత ఉరికినా గిర్ర ఎంత తిరుగుతది? గీడ గేరు పండ్లు నిమిషానికి వేలసార్లు తిరుగుతయి. ఆముదం బంకైంది. నువ్వు పోసిన మసి బేరింగులను సాన పట్టినట్టు అరగదీసింది. కొన్ననాటిసంది నువ్వు ఊకుండి ఉంటే గీ కారు ఇయ్యాల్టికి పిల్లి తీరుగ నడుస్తుండె."

పెట్టె దింపి, మూత విప్పి చూపించాడు. గేరు పళ్లు బాగానే ఉన్నాయి. కింది షాఫ్టు మాత్రం సన్నబడింది, దాని బేరింగులు వేలితో కదిపితే గలగలమన్నాయి. అమరేందర్ ఆ గలగలను రెండుసార్లు విన్నాడు. ఆయన ముఖంలో వెలుగు పోయింది. కారు చేసినవాళ్లను తిట్టాడు, రోడ్లు వేసినవాళ్లను తిట్టాడు, అమ్మిన కాంట్రాక్టరును తిట్టాడు. తీరా చూస్తే ఏటేటా ఏరువాకకు, భక్తిగా, తన చేత్తో తనే భార్యను కారులోంచి దింపేసుకున్నాడు.

షాఫ్టూ బేరింగులూ నల్గొండలో పాత సామాను దుకాణంలో దొరుకుతాయన్నాడు సాయిలు. కారు చూస్తే కడుపు విప్పుకుని దిమ్మల మీద ఉంది. అమరేందర్ బస్సెక్కక తప్పలేదు. చెల్లెలికి చీర కొనాలని లీలమ్మ కూడా బయలుదేరింది. "కారు ఇడిచినంకనే దారికొచ్చినవు" అంది మెట్టెక్కుతూ.

బస్సు కిక్కిరిసి ఉంది. లీలమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. అమరేందర్ జనం తోపులో ఒకసారి వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చి, ఆమె సీటు వెనకాలే కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనకెక్కడో ఉన్నాడనుకుని ఆమె పక్కనామెతో మాట్లాడుతోంది. పక్కనామె అడిగింది, ఏమక్కా, అంత మంచి కారు ఉండంగ మోతకే భయపడితివా అని.

"మోతకు నేనెందుకు భయపడుత? గిర్ని పక్క ఇంట్లనే పెరిగిన" అంది లీలమ్మ. "ఒకనాడు తిరుమలగిరి నుంచి వస్తుంటే మా చిన్నమ్మ నర్సింగమ్మ వాళ్ల ఊరి బస్సు స్టేజీకాడ నిలవడ్డది. సీతాఫలాల గంప వట్టుకొని, మా కోసమే. జర ఆపుమన్న. ఊఁ అన్నడు. చిన్నమ్మ ఉన్నది, ఆపుమన్న. ఊఁ అన్నడు. ఊఁ అనుకుంటనే ముంగటికి పోయిండు. ఎనకకు తిరిగి చూస్తే చిన్నమ్మ గంప కిందికి దించుతాంది. కారు రాంగనె అల్లునికి కండ్లు నెత్తికెక్కినయని ఆమె గప్పటిసంది మా గడప తొక్కలే. కారు మోత ఇనవడితే లోపలికి పోయి తలుపేసుకుంటదట."

"మీ ఆయనకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. గప్పుడు గూడ ఊఁ అన్నడు."

పక్కనామె పడీ పడీ నవ్వింది. లీలమ్మ కూడా నవ్వింది. వెనకాల కడ్డీ పట్టుకున్న మనిషి నవ్వలేదు. సీతాఫలాల గంప గుర్తు తెచ్చుకోవాలని నల్గొండ దాకా ప్రయత్నించాడు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. ఆనాడు ఆమె ఎంత గట్టిగా పిలిచి ఉంటుందో, తను ఎంత హాయిగా స్టీరింగు తిప్పుతూ ఉండి ఉంటాడో తలుచుకుంటే సిగ్గేసింది.

సామాను తువాలులో చుట్టి ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. సాయిలు పెట్టెను కిరోసిన్‌తో కడిగి, బంకంతా గీకి, కొత్త షాఫ్టు ఎక్కించి, కొత్త బేరింగులు వేసి, అసలైన గేరు నూనె పోశాడు. పెట్టె ఎక్కించాక అమరేందర్‌ను కూర్చోమన్నాడు. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు. ఇంజను అందుకోలేదనుకుని అమరేందర్ మళ్లీ తిప్పాడు. కారు కీచుమంది. సాయిలు పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నడుస్తనే ఉన్నదన్నా. గిదే మంచిగున్న కారు చప్పుడు. ఇంకో మాట. ఆముదం తలకు పెట్టుకో. గీ పెట్టె జోలికి రాకు."

గృహప్రవేశం నాడు పొద్దున లీలమ్మ కొత్త చీర కట్టుకుని బస్సు స్టేజీ వైపు నడుస్తోంది. పక్కన ఏదో వచ్చి ఆగితే ఉలిక్కిపడి రోడ్డు దిగింది. చూస్తే తమ కారే. అమరేందర్ ఇటు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"పోయిందా?" అంది లీలమ్మ. నమ్మకం కుదరక బానెట్ దాకా వెళ్లి, వంగి, చెవి పెట్టి విన్నది.

"పోయింది. ఎక్కు."

"నడిమిట్ల మొదలైతే ఆడనే దిగుత" అని హెచ్చరించి, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.

కారు కదిలింది. మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు. టైర్ల కింద కంకర నలుగుతున్నది వినబడింది. లీలమ్మ గాజులు వినబడ్డాయి. ఇద్దరికీ ఎందుకో కొత్తగా, కొంచెం సిగ్గుగా ఉంది. ఈ కారు మోతలో అరుచుకునే మాట్లాడుకున్నవాళ్లకు మెల్లగా ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. సగం దారి అలాగే గడిచింది.

మలుపు తిరగగానే దూరంగా ఒక స్టేజీ కనబడింది. అక్కడ ఒక ముసలామె పట్టుచీర కట్టుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు కోసం చూస్తోంది. లీలమ్మ గుర్తుపట్టింది. గుర్తుపట్టి, ఏమీ అనకుండా చూపు ఒళ్లోకి దించుకుంది. తర్వాత తనలో తనే, పెదవి కదిలీ కదలనట్టు అనుకుంది.

"గీసారి గూడ ఆపడు."

"ఆపుత" అన్నాడు అమరేందర్.

లీలమ్మ చివ్వున తలెత్తింది. కారు అప్పటికే వేగం తగ్గి రోడ్డు పక్కకు వస్తోంది. అవతల నర్సింగమ్మకు దూరపు చూపు ఆనదు. ఆమె అల్లుడి కారును ఎప్పుడూ చెవులతోనే గుర్తుపట్టేది. ఈ చప్పుడు లేని బండి ఏదో కిరాయి కారు అనుకుని, ఆగమని తనే చెయ్యి ఊపింది. తీరా కిటికీ దగ్గరికి వచ్చి చూస్తే లోపల అల్లుడు. పోదామంటే ఆపిందే తను. తలుపేసుకుందామంటే రోడ్డు మీద తలుపు లేదు.

అమరేందర్ దిగి, వెనక తలుపు తీశాడు. "అత్తా, ఆనాడు నాకు ఇనవడలే. నిన్ను చూడలే. తప్పు నాదే. ఎక్కు" అన్నాడు.

నర్సింగమ్మ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఇనవడకుంటే దవాఖానకు పోవాలె గని, మనిషిని రోడ్డు మీద ఇడిసిపెట్టి పోతరా అల్లుడా?" అంటూనే ఎక్కి కూర్చుంది. ఎండ కూడా గట్టిగానే ఉంది మరి.

ఆ తర్వాత కారులో మాటలకు కరువు లేదు. వెనకనుంచి అత్త, పక్కనుంచి లీలమ్మ. యాదమ్మ ఇంటి వాకిలి తూర్పుకా ఉత్తరానికా అన్న దగ్గర మొదలై, సీతాఫలాల మీదుగా, చనిపోయినవాళ్ల దాకా పోయి, మళ్లీ యాదమ్మ వియ్యాలవారి దగ్గరికి వచ్చింది. గుంతలు తప్పిస్తూ అమరేందర్ అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు.

లీలమ్మ మాట ఆగిపోయింది. వెనక అత్త కూడా ఆగింది.

"నేనేమన్న?" అంది లీలమ్మ.

అమరేందర్ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా చెప్పడం మొదలుపెట్టాడు. "యాదమ్మ వంటిల్లు ఇరుకన్నవు. వియ్యపురాలి మాట తీపి, చెయ్యి గట్టి అన్నవు. అత్త ఆ దినం సీతాఫలాలన్ని బస్సోళ్లకు పంచిపెట్టిందన్నవు. గంతకుముందు, నేను గీసారి గూడ ఆపనన్నవు."

లీలమ్మ కిటికీ వైపు తిరిగింది. ముందు తిరుమలగిరి ఇళ్లు కనబడుతున్నాయి. అమరేందర్ గేరు మార్చబోతుంటే ఆమె ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"జర మెల్లగ పోనియ్యి" అంది. "ముహూర్తానికి ఇంక టైమున్నది."