దీపాలు పెట్టేశాక

“ఆగు శేషూ! దీపాలు పెట్టేశాక చెట్టు మీద చెయ్యి వేస్తావేంటి? పడుకునే వేళ. దానికి మాత్రం ప్రాణం లేదూ?”

భర్త బసవేశ్వరరావు మాటకు, కరివేపాకు కొమ్మ దాకా వెళ్లిన చేతిని శేషారత్నం వెనక్కి తీసుకుంది. ఆ నియమం ఆమెకూ ప్రియమైనదే. అమ్మ నేర్పిన నాటి నుంచి ఏనాడూ తప్పలేదు. ఈ ఉదయం చెట్టు లేవకముందే లేచి, వంట ముగించి, వేమూరు బడిలో ఉద్యోగానికి బస్సు అందుకునే తొందరలో ఆకు కోసి పెట్టుకోవడం మరిచింది. సాయంత్రం తెనాలిలో బస్సు దిగి ఇల్లు చేరి, భుజాన సంచి దించకముందే భర్త మాట వినబడింది. “బాపట్ల నుంచి జ్ఞానానందం గారొచ్చారు. రేపల్లె మిత్రులూ వస్తున్నారు. ఉప్మా, కాఫీ.”

బసవేశ్వరరావు పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు. శుక్రవారం సాయంత్రాలు వసారాలో గోష్ఠి నడుపుతారు. నేటి విషయం, విశ్వానికి స్పృహ ఉన్నదా లేదా అని. వంటింట్లో పచ్చిమిరపకాయలు తరుగుతున్న ఆమెకు ఆయన గంభీర స్వరం స్పష్టంగా వినబడుతోంది. “అణువణువునా చైతన్యమేనండీ! రాయి కదలడం లేదంటే జడమని కాదు, నిద్రలో ఉన్నదని.”

కావచ్చు, అనుకుంది శేషారత్నం, లాగుతున్న మోకాళ్లను గట్టు ఆసరాతో నిలబెట్టుకుంటూ. రాయికి నిద్ర ఉన్నది. చెట్టుకు ఉన్నది. గుడిలో స్వామికీ పవళింపు సేవ ఉన్నది. మెలకువ ఒక్కటే తన వంతుకు వచ్చింది. ఒకనాడు జ్వరంతో నడుము వాలిస్తే అత్తగారు గుమ్మంలో నిలబడి, “దీపాల వేళ ఆడది మంచమెక్కితే ఇంట్లో లక్ష్మి ఉంటుందా?” అన్నారు. చెట్టుకు నిద్ర వేళ, తనకు లేచే వేళ, రెండూ ఒకటే.

ఉప్మా పళ్లేలు అందరికీ అందించింది.

“కరివేపాకు లేని ఉప్మా ఏంటి శేషూ, పెద్దమనుషుల ముందు?”

“చెట్టు పడుకుందన్నారు కదండీ.”

“దొరికిపోయారు మాస్టారూ!” జ్ఞానానందం గారు పకపకా నవ్వారు. సైన్సు చెప్పి రిటైరైన ఆ లూథరన్ క్రైస్తవ పెద్దాయన ఆమె వైపు తిరిగారు. “సృష్టి వేరు, సృష్టికర్త వేరని నా మాటమ్మా. అంతా ప్రాణమేనని మాస్టారి మాట. మరి మీరేమంటారు?”

ఇన్నేళ్ల గోష్ఠిలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

“దాన్నడుగుతారేంటండీ!” భర్త నవ్వారు. “పాలు పొంగకుండా చూసుకోవడమే దాని బ్రహ్మవిద్య. శేషూ, కాఫీ.”

ఆమె లోపలికి వెళ్లింది. పాలు పొంగబోతున్నాయి. పొయ్యి ఆర్పి, వట్టి చేతులతో తిరిగి వచ్చి, గోడవారన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“విశ్వానికి ప్రాణమే ఉంటే, అదీ అలిసిపోతుందండి,” అంది జ్ఞానానందం గారితో. “పడుకోమని దానికి చెప్పేవాళ్లున్నారో లేదో, అదే నాకు తెలియదు.”



“కాఫీ ఏదీ?” అన్నారు బసవేశ్వరరావు.

“దీపాలు పెట్టేశాక అడుగుతారేంటండీ?” అని, శేషారత్నం గోడకు తల ఆన్చి కళ్లు మూసుకుంది.